బెంగళూరు కేర్ హోమ్‌లో అమ్మ: నడుము కింద ఎర్ర మచ్చ, పగలంతా మగత. ఏం చూడాలి, ఏం అడగాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అమ్మగారికి 76 ఏళ్లు. గతేడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సరిగా రాదు. కూతురు డాలస్‌లో ఉంటున్నారు. బెంగళూరులో ఉన్న పిన్నిగారు ఆదివారాలు వెళ్లి చూసి వస్తున్నారు. హెన్నూరు వైపు ఒక కేర్ హోమ్‌లో చేర్పించి రెండు నెలలైంది. లిఫ్టు, తోట, ఫోన్‌లో చూసుకునే కెమెరా అన్నీ ఉన్నాయి. పోయిన ఆదివారం పిన్నిగారికి అమ్మగారి నడుము కింద ఎర్రటి మచ్చ కనిపించింది. అడిగితే "మంచం మీదుండేవాళ్లకు ఇది మామూలే మేడమ్" అన్నారట. ఈమధ్య పగలు కూడా ఆవిడ మగతగానే ఉంటున్నారట. ఇది నిజంగా మామూలేనా, హోమ్ మార్చాలా, మంచి హోమ్ అని ఎలా తెలుస్తుంది అన్నది ప్రశ్న.

నేను బెంగళూరు ఆసుపత్రుల్లో నర్సుగా, తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు వృద్ధుల హోమ్‌లలో సిస్టర్లకు, అటెండర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముందు తేల్చాల్సినవి ఆ మచ్చ, ఆ మగత. హోమ్ మార్చే సంగతి తర్వాత చూద్దాం. ఆదివారం దాకా ఆగకుండా పిన్నిగారిని రేపే వెళ్లమనండి.

మామూలే అన్న మాట తప్పు. మంచం మీదున్నవాళ్లకు పుండ్లు పడే అవకాశం ఎక్కువే, కానీ సరిగా చూసుకుంటే వాటిలో చాలామటుకు రాకుండా ఆపవచ్చు. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన కండకు రక్తం అందదు. గంటల తరబడి అలాగే ఉంటే అక్కడి చర్మం, దాని కింది కండ చచ్చిపోతాయి. తడి డైపర్ తోడైతే ఇంకా త్వరగా జరుగుతుంది. పిన్నిగారు ఆ మచ్చ మీద వేలితో మెల్లగా నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా రంగు మారకపోతే అది పుండుకు మొదటి దశ. మన చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు. అక్కడ చెయ్యి పెడితే చుట్టుపక్కల కన్నా వెచ్చగా ఉందా, గట్టిగా తగులుతోందా, ఊదా రంగు తిరిగిందా అని చూడాలి. ఊదాగా ఉంటే పైకి చిన్నగా కనిపించినా లోపల ఎక్కువ దెబ్బతిని ఉండొచ్చు, అప్పుడు డాక్టరుకు చూపించడం వాయిదా వేయకూడదు. నడుము కిందే కాదు, మడమలు, తుంటి ఎముకలు, మోచేతులు, చెవి వెనక, తల వెనక కూడా చూడాలి. మడమల్ని చాలామంది చూడరు. సాక్సు తీసి చూడమనండి.

పక్కన స్కేలు పెట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీయండి. వారం తర్వాత "తగ్గింది", "లేదు, పెరిగింది" అని వాదించుకునే పని ఉండదు.

మొదటి దశలోనే ఉంటే ఒత్తిడి తీసేయడమే వైద్యం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పూర్తిగా తుంటి మీదికి కాదు, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాలుగా. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా ఉంచాలి. ఎయిర్ బెడ్ ఉంటే మంచిదే కానీ, అది ఉంది కదా అని తిప్పడం మానకూడదు. మచ్చ మీద మసాజ్ చేయకూడదు. మధ్యలో బొక్క ఉన్న రబ్బరు రింగు మీద కూర్చోబెట్టకూడదు, అంచు దగ్గర ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ మంచి మనసుతోనే చేస్తారు, అందుకే ముందే చెప్పాలి.

ఇక మగత. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. రెండు నెలల క్రితం మెలకువగా ఉన్న మనిషి ఇప్పుడు పగలంతా నిద్రపోతుంటే దాన్ని వయసు మీద నెట్టేయకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నీళ్లు చాలకపోవడం, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, మరో చిన్న స్ట్రోక్, వీటిలో ఏదైనా కావచ్చు. ముసలివాళ్లలో ఇన్‌ఫెక్షన్ ముదిరినా ఒక్కోసారి జ్వరం రాదు, మనిషి మందగించడమే మొదటి గుర్తు. బీపీకి ఇచ్చే కొన్ని నీటి మాత్రలతో సోడియం తగ్గడం తరచూ చూస్తుంటాం. కాబట్టి డాక్టరు చూసి రక్త, మూత్ర పరీక్షలు చేయించాలి. మగత ఉన్నట్టుండి పెరిగినా, పిలిస్తే పలకకపోయినా, మూతి వంకర పోయినా అది ఆదివారం పని కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిద్రమాత్రలు ఇస్తున్నారేమో కూడా చూడాలి. రాత్రి అరుస్తున్నారనో, మంచం దిగబోతున్నారనో లోరాజెపామ్, క్వెటియాపిన్ లాంటివి మొదలుపెట్టే హోమ్‌లు ఉన్నాయి. ఒక్కోసారి డాక్టరు నిజంగా అవసరమనుకునే రాస్తారు. కానీ క్వెటియాపిన్ కోవకు చెందిన మానసిక జబ్బుల మందులు మతిమరుపు జబ్బున్న వృద్ధులకు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2005లోనే హెచ్చరించింది. మీ అమ్మగారికి మతిమరుపు లేకపోయినా, మగత తెచ్చే ఏ మందుకైనా కారణం, మొదలుపెట్టిన తేదీ, రాసిన డాక్టరు పేరు కాగితం మీద ఉండాలి. ఇంటివాళ్లకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. మందుల చార్ట్ ఫొటో పంపమని ఈ రోజే అడగండి. అందులో అలాంటిది కనిపించినా మీ అంతట మీరు ఆపించకండి. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

మచ్చా మగతా వేరువేరు సంగతులు కాకపోవచ్చు. మత్తులో ఉన్న మనిషి తనంతట తాను కదలదు, కాబట్టి చర్మం ఒరుసుకుపోతుంది. దాహం అడగదు, కాబట్టి మూత్రం చిక్కబడి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. గుటక సరిగా వేయలేదు, కాబట్టి అన్నం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నేను చూసినంతలో ఇవన్నీ ఒక్కచోటే మొదలవుతాయి: రాత్రి డ్యూటీలో మనుషులు చాలకపోవడం. అందుకే హోమ్ మంచిదా కాదా అని ఎవరడిగినా నేను ముందు రాత్రి సంగతే అడుగుతాను. తోట, లిఫ్టు పగటి సంగతులు.

మేనేజర్‌ను అడగాల్సిన ప్రశ్న "ఎంతమంది స్టాఫ్ ఉన్నారు" అని కాదు. "నిన్న రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మా అమ్మ ఉన్న ఫ్లోర్‌లో ఎంతమంది మేలుకుని ఉన్నారు, వాళ్లు ఎంతమందిని చూశారు" అని అడగండి. డ్యూటీ చార్ట్ చూపించమనండి. లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక మనిషిని తిప్పి, డైపర్ మార్చి, దుప్పటి సర్దడానికి పది నిమిషాలు పడుతుంది. పదిహేను మంది కదల్లేనివాళ్లకు ఒక్క అమ్మాయి ఉంటే, ఒక రౌండుకే రెండున్నర గంటలు. మధ్యలో ఒకరికి వాంతయినా, ఒకరు కిందపడినా రౌండు అక్కడే ఆగిపోతుంది. ఆ అమ్మాయి ఎంత మంచిదైనా రెండు గంటలకోసారి తిప్పడం సాధ్యం కాదు. చాలాచోట్ల ఈ పిల్లలు అస్సాం, ఒడిశా, జార్ఖండ్ నుంచి ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లు, హోమ్‌లోనే ఉంటూ పన్నెండు గంటల డ్యూటీ చేస్తారు. ఒక్కోసారి పగలు చేసిన వాళ్లే రాత్రీ చేస్తారు. వాళ్లకు వారానికి ఒక రోజు సెలవుందా, నిద్రపోవడానికి గది ఉందా అని కూడా అడగండి. ఇది వాళ్ల మీద జాలితో అడిగే ప్రశ్న మాత్రమే కాదు. నిద్రలేని చేతులతో ఇన్సులిన్ వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

రాత్రి నర్సు ఉందా, లేక అటెండర్లేనా అన్నది కూడా తేల్చుకోండి. యూనిఫాం వేసుకున్న ప్రతివాళ్లనీ సిస్టర్ అనే పిలుస్తారు. నర్సు అయితే జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) గానీ బి.ఎస్సీ. నర్సింగ్ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉంటుంది. నంబరు అడిగితే మంచి హోమ్ నొచ్చుకోదు.

పిన్నిగారు వెళ్లే వేళలు మార్చుకుంటే చాలా తెలుస్తుంది. ప్రతి ఆదివారం పదకొండింటికి వెళ్తే తల దువ్వి, పౌడర్ రాసి కూర్చోబెట్టిన అమ్మనే చూస్తారు. ఒకసారి రాత్రి భోజనం వేళకు, ఒకసారి పొద్దున ఆరున్నరకు, డ్యూటీ మారకముందే వెళ్లమనండి. కొన్నిచోట్ల పొద్దున డ్యూటీ వాళ్లు వచ్చేలోపు ముగించాలని తెల్లవారుజామున నాలుగింటికే స్నానాలు చేయిస్తారు. బెంగళూరు డిసెంబరు చలిలో అది చిన్న విషయం కాదు. వెళ్లగానే దుప్పటి ఎత్తి చూడాలి, తడి వాసన ఉందో లేదో చూడాలి. రాత్రి డైపర్ ఎన్నిసార్లు మార్చారో అడగాలి. ప్యాకేజీలో రోజుకు ఇన్ని డైపర్లే అని లెక్క పెట్టే చోట తడిసినదాన్ని పొద్దున దాకా ఉంచేస్తారు. అలాంటి లెక్క ఉంటే డైపర్లు విడిగా మీరే పంపించండి.

ఎప్పుడెప్పుడు పక్కకు తిప్పారో టిక్ పెట్టే కాగితమే తిప్పే చార్ట్. దాన్ని చూడటానికి ఒక కిటుకు చెబుతాను. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చార్ట్ అడగండి. సాయంత్రం ఆరు గంటల గడిలో అప్పటికే టిక్ ఉంటే, ఆ కాగితం మీది ఏ టిక్‌నూ నమ్మక్కర్లేదు. వారం మొత్తం ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో గీసి ఉన్నా అంతే. నిజంగా పని జరిగిన చార్ట్ కొంచెం చిందరవందరగా ఉంటుంది. మధ్యలో "నిద్రలేపలేదు", "నొప్పి అంది" అని రాతలుంటాయి.

బరువు చార్ట్ కూడా అడగండి. నెలకోసారైనా తూయాలి, నిలబడలేనివాళ్లను వీల్‌చైర్‌తో సహా తూచి కుర్చీ బరువు తీసేస్తారు. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే అది పట్టించుకోవాల్సిన తగ్గుదల. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలన్నమాట. చీర, నైటీ వదులవుతున్నాయని పిన్నిగారికి అనిపించిందా అని అడగండి, ఆవిడ కళ్లు తూకం మిషన్ కన్నా ముందే పట్టేసి ఉండొచ్చు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. బెంగళూరులో చాలా హోమ్‌లు శాకాహారమే పెడతాయి. అప్పుడు పప్పు, పెరుగు, పనీర్ సరిపడా పడుతున్నాయా చూడాలి. పలచటి రసం అన్నంతో పుండు మానదు.

పక్షవాతం ఉన్న మీ అమ్మగారి విషయంలో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలింగ్ బెల్ ఎటు వైపు ఉంది? ఆవిడకు కుడి చెయ్యి పని చేయదు. బెల్ కుడిపక్క గోడకుంటే అది ఉన్నా లేనట్టే. బెల్, నీళ్ల గ్లాసు ఎడమ చేతికి అందాలి. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టి లాగుతున్నారా? కండ పట్టు లేని భుజం అలా లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. లేపేవాళ్లు తమ రెండు చేతులూ ఆవిడ వీపు వెనక్కి వేసి లేపాలి. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెడుతున్నారా, తిన్నాక కనీసం అరగంట అలాగే ఉంచుతున్నారా? నీళ్లు తాగగానే పొలమారడం, తిన్న తర్వాత గొంతు గరగరలాడటం ఉంటే గుటక పరీక్ష చేయించాలి, స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. తిన్నాక కుడి బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, ఆవిడకు తెలియదు. నోరు తుడిచి చూడాలి. పడుకోబెట్టి గబగబా తినిపిస్తే న్యుమోనియా కొనితెచ్చుకోవడమే. ఇది మళ్లీ స్టాఫ్ లెక్క దగ్గరికే వస్తుంది. ముప్పావు గంట పట్టే మనిషికి ఓపిగ్గా తినిపించే తీరిక ఎవరికి ఉంది?

భాష సంగతి తేలిగ్గా తీసుకోకండి. మాట అసలే సరిగా రాని మనిషి, వచ్చే నాలుగు ముక్కలూ తెలుగులోనే వస్తాయి. చూసుకునే అమ్మాయికి హిందీయో అస్సామీయో తప్ప రాదు. "ఒకటికెళ్లాలి" అని ఆవిడ పదిసార్లు అంటే కేస్ షీట్‌లో "పేషెంట్ ఆందోళనగా ఉంది" అని రాసి ఉండటం నేను చూశాను. అక్కణ్నుంచి నిద్రమాత్ర ఎంతో దూరం ఉండదు. ఒక అట్ట మీద పదో పన్నెండో మాటలు పెద్దగా రాసి మంచం దగ్గర తగిలించండి: నొప్పి, దాహం, ఒకటికి, రెండుకి, చలి, తిప్పు, వద్దు, కళ్లు తిరుగుతున్నాయి. పక్కన హిందీలో అర్థం, బొమ్మ. ఆవిడ ఎడమ చేత్తో చూపించగలుగుతారు. బెంగళూరులో తెలుగు వచ్చిన స్టాఫ్ దొరకడం కష్టం కాదు. చింతామణి, కోలార్, హిందూపురం వైపు నుంచి వచ్చిన వాళ్లు ప్రతి హోమ్‌లో ఒకరిద్దరైనా ఉంటారు, వంటింట్లోనైనా సరే. వాళ్లలో ఒకరు రోజూ ఒక పది నిమిషాలు అమ్మతో మాట్లాడేలా ఏర్పాటు చేయమనండి.

ఒంటి మీద కమిలిన గుర్తులు కనిపిస్తే వెంటనే కేకలు వేయకండి. పక్షవాతం తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రల వల్ల చిన్న తాకిడికే ఒళ్లు కములుతుంది. కానీ జబ్బల లోపలి వైపు వేళ్ల ఆకారంలో ఉన్నా, మణికట్టు చుట్టూ కట్టిన గుర్తులున్నా, ఒక ఫలానా మనిషి రాగానే ఆవిడ ముడుచుకుపోతున్నా అది వేరే సంగతి. ప్రతి దెబ్బ, ప్రతి పడిపోవడం రిజిస్టర్‌లో ఎక్కాలి, ఆ రోజే మీకు ఫోన్ రావాలి. రిజిస్టర్ ఖాళీగా ఉంటే అక్కడ ఎవరూ పడలేదని కాదు, ఎవరూ రాయలేదని అర్థం. మంచానికి రెండు పక్కలా కటకటాలు ఎత్తితే క్షేమమనుకుంటారు. దాటబోయిన మనిషి ఇంకా ఎత్తు నుంచి పడుతుంది. మంచం ఎత్తు తగ్గించడం, రాత్రి చిన్న లైటు ఉంచడం, పడుకునే ముందు బాత్రూమ్‌కు తీసుకెళ్లడం నయం.

కెమెరా ఉంది కదా అన్నారు. కెమెరాలో దుప్పటి కనిపిస్తుంది, దుప్పటి కింద మడమ కనిపించదు. ఆవిడ బట్టలు మార్చేది కూడా అందులో పడుతుందేమో, ఆ వీడియో ఎవరెవరు చూస్తారో అడగండి.

అమెరికాలో మీరు 2008 నుంచి ఉన్న ప్రభుత్వ స్టార్ రేటింగులు చూసి నర్సింగ్ హోమ్ ఎంచుకోగలరు. ఇక్కడ అలాంటిది లేదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రైవేటు కేర్ హోమ్‌ల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు చేర్చే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది కానీ చట్టం కాకుండానే మురిగిపోయింది. ఇంత పెద్ద విషయం ఇలా గాలికి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. కర్ణాటకలో ఆసుపత్రులకు, క్లినిక్‌లకు ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ హోమ్ వైద్యం కూడా చేస్తామని చెబుతుంటే ఆ సర్టిఫికెట్ చూపించమనండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది. దెబ్బలు, కట్టేయడం లాంటివైతే పోలీసులకు చెప్పడానికి మొహమాటపడకండి.

అగ్రిమెంట్‌లో అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మీరు ఫోన్ ఎత్తకపోతే ఎవరిని అడుగుతారు అన్నవి రాయించుకోండి. డాలస్ వేళకూ ఇక్కడి వేళకూ తేడా ఉంది కాబట్టి పిన్నిగారి పేరు లిఖితంగా ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ ఎయిర్ బెడ్‌కూ ఆక్సిజన్‌కూ అందుతుందా, కదల్లేనివాళ్లు ఏ అంతస్తులో ఉన్నారు, నిప్పంటుకుంటే లిఫ్టు వాడకుండా కిందికెలా దించుతారు అని ఒకసారి అడగండి. 2011 డిసెంబరులో కోల్‌కతా ఏ.ఎం.ఆర్.ఐ. ఆసుపత్రిలో మంటలు రేగినప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కదల్లేని రోగులు, పొగకు ఊపిరాడక పోయారు.

ఇక హోమ్ మార్చాలా అంటే, ఈ వారమే వద్దు. జబ్బు తేలకుండా కొత్త చోటికి మారిస్తే ఆవిడ ఇంకా అయోమయపడతారు, పాత హోమ్ "ఇక్కడ బాగానే ఉండేది" అంటుంది, కొత్త హోమ్ "వచ్చేటప్పటికే పుండు ఉంది" అంటుంది. ముందు డాక్టరుకు చూపించండి. తర్వాత మేనేజర్‌కు ఒక మెయిల్ రాయండి: మచ్చ ఫొటో, మందుల చార్ట్, తిప్పే చార్ట్, బరువు చార్ట్, రాత్రి డ్యూటీ లిస్టు. గొంతు పెంచకుండా, తేదీలతో. మంచి హోమ్ అయితే రెండు మూడు రోజుల్లో కాగితాలు పంపి, ఏం మార్చామో చెబుతుంది, పిన్నిగారు ఏ వేళకు వచ్చినా తలుపు తీస్తుంది. అప్పుడు ఉంచేయండి, ఎందుకంటే పొరపాటు ఒప్పుకుని దిద్దుకునే చోటు దొరకడం అంత తేలిక కాదు. ముందు చెప్పి రమ్మన్నా, చార్టులు ఇవ్వడం రూల్ కాదన్నా, మచ్చ రెండో వారానికి తోలు లేచినా, ఇంకో హోమ్ చూసుకోవడం మొదలుపెట్టండి. ఆ కొత్త చోటికి పిన్నిగారిని ముందు రాత్రి ఎనిమిదింటికి పంపండి. చేర్చే రోజు అక్కడి నర్సుతో కలిసి అమ్మగారిని తల నుంచి మడమ దాకా చూసి, ఉన్న మచ్చలన్నీ రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.